వేడిని తరలించు విద్య

నిజామాబాదు పట్టణమున కంఠేశ్వర్ అను పేట కలదు. నీలకంఠేశ్వరుని ఆలయము అచట నుండుటచే దానికాపేరు కలిగినది. వైశాఖమాసము ప్రవేశించినంతనే ఆ పేట వీధులు మధ్యాహ్నవేళ నిర్మానుష్యములగును. ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పెరుగుట ఈ జిల్లాకు క్రొత్త గాదు. ప్రజలు తమతమ శక్తికొలది ఆ వేడిని ఎదుర్కొందురు. ఒకరి ఇంట రంజనులో నీరు చల్లబడుచుండును. ఒకరి ఇంట కూలరు తిరుగుచుండును. కలిగినవారి ఇంట ఏసీ పనిచేయుచుండును. ఆ ఏసీ ఒకపూట ఆగినచో ఇంటివారికి కలుగునది చెమటయు చిరాకును మాత్రమే. ఆసుపత్రిలో అట్లు గాదు. అచట ఒక చల్లని పెట్టె ఆగినచో వందలకొలది శిశువుల టీకాలు వ్యర్థము కావచ్చును. ప్రసవవేళ రక్తస్రావమగుచున్న తల్లికి అందవలసిన రక్తము చెడిపోవచ్చును.

ఈ పట్టణమున పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి యున్నది. 2013లో ప్రభుత్వ వైద్య కళాశాలయు ఏర్పడినది. ప్రైవేటు ఆసుపత్రులకు లెక్కలేదు. బోధన్, ఆర్మూరు ప్రాంతముల గ్రామములనుండి రోగులు ఇచటికే వత్తురు. వైద్యుని అందరును ఎరుగుదురు, నర్సును ఎరుగుదురు. మిద్దెమీద ఎండలో వంగి యంత్రమును విప్పుచున్న ఏసీ మెకానిక్కును మాత్రము ఎవరును గమనింపరు. అతని పని యెట్టిదో తెలిసికొనవలెనన్న, మొదట చల్లదనమనగా నేమో తెలియవలెను.

చల్లదనము ఒక వస్తువు కాదు. దానిని ఎవరును తయారుచేయలేరు. ఉన్నది వేడి యొక్కటియే. ఒకచోటి వేడిని తీసి మరియొకచోట విడిచిపెట్టినచో మొదటి చోటు చల్లనగును. ఏసీ నడచుచున్న గది వెలుపల నిలిచి చూడుడు. అచటి యంత్రమునుండి వడగాలి వంటి గాలి ముఖమునకు కొట్టును. గదిలోనుండి తీసిన వేడియే అది.

వేడిని తీయుటకు ప్రకృతిలో ఒక సులభమైన మార్గమున్నది. ద్రవము ఆవిరి యగునపుడు తన చుట్టునున్న వేడిని పీల్చుకొనును. రంజను గోడలలోని సన్నని రంధ్రములగుండ నీరు చెమర్చి ఆవిరియగుటచేతనే లోపలి నీరు చల్లబడును. సూది వేయుటకు ముందు నర్సు భుజముమీద స్పిరిటు రుద్దినపుడు ఆ చోటు జిల్లుమనుట విద్యార్థులకందరకును అనుభవమే. స్పిరిటు నీటికంటె త్వరగా ఆవిరియగును. కావున వేడినికూడ త్వరగా లాగును. ఒక గ్రాము నీరు మరగి ఆవిరియగుటకు 540 కెలోరీల వేడి కావలెను. దీనిని శాస్త్రజ్ఞులు గుప్తోష్ణమందురు.

ఇక రెండవ సూత్రము. దీనికి ఉదాహరణము కొరకు దూరదేశములకు పోనక్కరలేదు. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడి 2015లో మూతపడినది. చెరకు రసమును అచట ఎట్లు చిక్కబరచిరో ఆ కర్మాగారములో పనిచేసిన పెద్దలనడిగిన చెప్పుదురు. రసమును బహిరంగముగ పెనములలో 100 డిగ్రీలకు పైగా కాచినచో చక్కెర మాడి బెల్లపురంగు తిరుగును. అందుచే దానిని మూసిన పెద్ద పాత్రలో పోసి, లోపలి గాలిని పంపులతో తీసివేయుదురు. గాలి ఒత్తిడి తగ్గినందున రసము 60, 70 డిగ్రీల నడుమనే మరగును. తెల్లని పలుకులు ఏర్పడును. ఈ పాత్రను 1813 ప్రాంతమున ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోవర్డ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ఎవరెస్టు శిఖరముమీద నీరు సుమారు 70 డిగ్రీలకే మరగుటకును కారణమిదియే. ఒత్తిడి తగ్గినచో మరగు స్థానము తగ్గును. ఒత్తిడి పెరిగినచో మరగు స్థానము పెరుగును.

ఈ రెండు సూత్రములను కలిపినచో ఏసీయు, ఫ్రిజ్జును ఏర్పడును. మెకానిక్కులు ‘గ్యాసు’ అని పిలుచు ద్రవ్యము వీటి గొట్టములలో తిరుగుచుండును. చాలకాలము ఏసీలలో వాడబడిన ఆర్-22 అను గ్యాసు సాధారణమైన వాయుపీడనములో మైనస్ 40 డిగ్రీల దగ్గరనే మరగును. గదిలోని తీగచుట్టలో దాని ఒత్తిడిని వాయుపీడనమునకు ఆరు రెట్ల దగ్గర నిలిపినచో అది 5 డిగ్రీలకు మరగుచు గది వేడిని పీల్చుకొనును. ఆ ఆవిరిని కంప్రెసరు లాగి ఇరువది రెట్ల వరకు ఒత్తును. అపుడది 50 డిగ్రీల వద్దనే తిరిగి ద్రవముగా మారుచు, పీల్చిన వేడిని వెలుపలి తీగచుట్టద్వారా గాలిలోనికి విడుచును. వెలుపల 45 డిగ్రీల ఎండయున్నను 50 డిగ్రీల వస్తువునకు అదియు చల్లనిదే గదా! తరువాత ఆ ద్రవము సన్నని గొట్టముగుండ పోయి ఒత్తిడి కోల్పోయి, మరల గదిలోని చుట్టను చేరును. ఇట్లు రాట్నమువలె ఈ చక్రము తిరుగుచునే యుండును.

ఈ విద్య మొదటినుండియు వైద్యముతో ముడిపడియున్నది. 1833లో అమెరికాలోని బోస్టనునుండి గడ్డకట్టిన చెరువుల మంచు ఓడలో కలకత్తా చేరినది. 180 టన్నులతో బయలుదేరగా నూరు టన్నులకు దగ్గరగా మిగిలెను. మద్రాసు సముద్రతీరమున అట్టి మంచును నిలువచేసిన కట్టడము నేటికిని నిలిచియున్నది. ఆ దినములలోనే అమెరికాలోని ఫ్లోరిడాలో జాన్ గోరీ అను వైద్యుడు జ్వరపీడితుల గదులలో పైకప్పునుండి మంచుగడ్డల పళ్లెమును వ్రేలాడదీసి గాలిని చల్లబరచెను. ఉత్తరదేశపు మంచుకొరకు ఎదురుచూడలేక యంత్రముతో మంచుచేయు విధానమును కనిపెట్టి 1851లో పేటెంటు పొందెను. కాని దానికి ధనసహాయము చేయువారు లేకపోయిరి. 1855లో ఆయన మరణించెను. మలేరియా చెడుగాలివలన వచ్చునని గోరీ నమ్మెను, అది పొరపాటు. దోమయే మలేరియాకు వాహకమని నిరూపించు ఆధారము 1897లో మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్‌కు దొరికినది. కారణము తెలియకపోయినను రోగికి సుఖము కలిగింపవలెనను గోరీ తపన మాత్రము వృథా కాలేదు.

ఏసీని ‘ఒకటిన్నర టన్ను’ అని ఏల అందురో చాలమందికి తెలియదు. అది యంత్రము బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అనగా 907 కిలోల మంచుగడ్డ 24 గంటలలో కరగుచు ఎంత వేడిని పీల్చునో, అంత వేడిని తీయగల శక్తికి ఒక టన్ను అని పేరు. మంచు వ్యాపారము పోయినను దాని కొలత నిలిచినది.

ఇపుడు ఆసుపత్రిలోనికి పోవుదము. అచట ఒకే చల్లదనము చాలదు. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క హద్దు కలదు. టీకాలు 2 నుండి 8 డిగ్రీల నడుమ ఉండవలెను. వేడి తగిలినచో టీకా చెడుననుట అందరికిని తెలిసినదే. కాని మితిమీరిన చలికిని కొన్ని టీకాలు చెడును. హెపటైటిస్-బి, ధనుర్వాతము మున్నగువాటి టీకాలలో అల్యూమినియపు లవణములుండును. అవి ఒకమారు గడ్డకట్టినచో ఆ లవణపు రేణువులు ముద్దలుగా కూడుకొనును. కరగిన పిమ్మట మునుపటివలె కనిపించినను టీకాకు బలముండదు. అట్టి టీకా వేయించుకొన్న శిశువు తల్లి, బిడ్డకు రక్షణ కలిగినదని నమ్మి ఇంటికి పోవును. ఇంతకన్న మోసమేమున్నది? కావున చల్లగా నున్నదా అనుటతో పని ముగియదు. ఎంత చల్లగా నున్నదని చూడవలెను.

టీకాలుంచు పెట్టె మన ఇంటి ఫ్రిజ్జువంటిది కాదు. దాని తలుపు పైన నుండును. చల్లనిగాలి బరువైనది; తలుపు ప్రక్కకు తెరచినచో నీరువలె క్రిందికి జారి పోవును. పైకి తెరచినచో పెట్టెలోనే నిలుచును. దాని గోడలలో మంచు పొర యుండుటచే దినమునకు ఎనిమిది గంటలు విద్యుత్తు వచ్చినను లోపలి చల్లదనము చెడదు. విద్యుత్కోత లెరిగిన దేశములకు ఇది తగిన ఉపాయము.

రక్తనిధిలో ఇంకను సూక్ష్మమైన ఏర్పాటుండును. ఎర్రకణముల సంచులు 2 నుండి 6 డిగ్రీల నడుమ 35 లేక 42 దినములు నిలువయుండును. సంచిలో కలిపిన ద్రవమునుబట్టి ఈ గడువు మారును. ప్లాస్మా మైనస్ 30 డిగ్రీలలో గడ్డకట్టియుండవలెను. ప్లేట్‌లెట్లకు చలి పనికిరాదు. అవి 20 నుండి 24 డిగ్రీలలో, ఊయలవలె మెల్లగా కదలు పళ్లెములలో, ఐదు దినములు మాత్రమే నిలుచును. ఒకే గదిలో మూడు విధములైన యంత్రములు, మూడు హద్దులు!

శస్త్రచికిత్స గదిలో ఏసీ పని చల్లబరచుట మాత్రమే కాదు. గంటకు కనీసము ఇరువది మారులు ఆ గది గాలి మారుచుండవలెను. ఆ గాలి అతి సన్నని వడపోతగుండ రావలెను. లోపలి ఒత్తిడి వరండాలోని ఒత్తిడికంటె కొంచెము ఎక్కువగ నుండును. అందుచే తలుపు తెరచినపుడు గాలి వెలుపలికి పోవునేగాని, వెలుపలి దుమ్ము లోపలికి రాదు. క్షయరోగులనుంచు ప్రత్యేకమైన గదులలో దీనికి విరుద్ధము. అచట ఒత్తిడి తక్కువగా నుంచి రోగక్రిములు వరండాలోనికి రాకుండ చేయుదురు. ఈ రెంటిని తారుమారు చేసిన మెకానిక్కు తెలియకయే రోగమును పంచినవాడగును.

ఒక వేసవి రాత్రి రెండు గంటలకు రక్తనిధిలోని పెట్టె గంట మ్రోగినదనుకొందము. అంకెలలో 7 డిగ్రీలు కనిపించుచున్నది. అది మెల్లగా పెరుగుచున్నది. రాత్రి విధిలోనున్న మెకానిక్కు వచ్చును. తెలియనివాడైనచో వెంటనే తలుపు తెరచి చూచును. తెరచినచో ఉన్న చల్లదనము పోవును. తెలిసినవాడు ముందుగా సంచులను మరియొక పెట్టెలోనికి మార్చు ఏర్పాటు చేయుమని రక్తనిధివారికి చెప్పి, పిమ్మట యంత్రము వెనుకకు పోవును. విద్యుత్తు వచ్చుచున్నదా? స్టెబిలైజరు సరిగా నున్నదా? కంప్రెసరు తాకరానంత వేడిగా నుండి ఆగియున్నది. దాని ప్రక్కనున్న చిన్న పంకా తిరుగుట లేదు. తీగచుట్ట దుమ్ముతో కంబళివలె మూసికొనిపోయినది. వేడి పోవుటకు దారి లేక ఒత్తిడి పెరిగి, కంప్రెసరు తన్ను తాను రక్షించుకొనుటకు ఆగినది. అతడు దుమ్ము దులిపి, క్రొత్త పంకా మోటారు బిగించి, కంప్రెసరు చల్లారువరకు ఓపికపట్టి, తిరిగి నడపును. గంటకు అంకె 4కు దిగును. అయినను సంచులలోని రక్తము పనికివచ్చునా రాదా అని చెప్పుట అతని పని కాదు. ఎంతసేపు ఎంత వేడిగా నుండెనో ఉన్నదున్నట్లు వ్రాసి యిచ్చుట అతని పని, నిర్ణయము వైద్యునిది. భయపడియో మొగమాటపడియో ఆ అంకెను తగ్గించి వ్రాసినచో దాని ఫలము మంచముమీదనున్న రోగి అనుభవించును.

ఈ రాత్రి ‘గ్యాసు తగ్గినది’ అని చెప్పి గ్యాసు నింపిపోవువారును కలరు. గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో అది ఏండ్లతరబడి తిరుగుచుండును. తగ్గినదన్న ఎచటనో కారినదని అర్థము. కారుచోటును వెదకక గ్యాసు నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే. లోపలి చుట్టమీద మంచు పేరుకొన్నచో గ్యాసు తగ్గియుండవచ్చును, లేక జాలీ మురికిపట్టి గాలి ఆడకుండవచ్చును. లక్షణ మొక్కటే, కారణములు రెండు. జ్వరమును చూచిన వైద్యునివలె మెకానిక్కును ఇచట తొందరపడరాదు.

కారుచోటును కనుగొనుటకు గొట్టములలో నైట్రోజనును ఒత్తిడితో నింపి, అతుకులమీద సబ్బునురుగు పూయుదురు. బుడగ లేచినచోట రంధ్రమున్నది. నైట్రోజనుకు బదులు ఆక్సిజను ఎన్నడును వాడరాదు. కంప్రెసరు నూనెతో కలిసి అది పేలును. ఆసుపత్రిలో ఆక్సిజను సిలిండర్లు చేతికందునట్లుండును గనుక ఈ హెచ్చరిక మరింత అవసరము. అతికిన పిమ్మట గొట్టములలోని గాలిని పంపుతో పూర్తిగా తీయుదురు. అపుడు లోపలనున్న తేమ చుక్కలు గది ఉష్ణోగ్రతకే మరగి ఆవిరియై వెడలిపోవును. బోధన్ చక్కెర పాత్రలోని సూత్రమే ఇచటను పనిచేయుచున్నది. ఈ పనికి అరగంటయో గంటయో పట్టును. తొందరలో దానిని మానినచో మిగిలిన నీటిచుక్క సన్నని గొట్టములో మంచై అడ్డుపడి యంత్రమును ఆపును.

గ్యాసులకును ఒక చరిత్ర కలదు. తొలి ఫ్రిజ్జులలో అమ్మోనియా, గంధకపు డయాక్సైడు వంటి విషవాయువులు వాడిరి. అవి కారినపుడు ప్రాణములు పోయెను. 1928లో అమెరికాలో థామస్ మిడ్జిలీ బృందము విషము కాని, మండని గ్యాసులను కనిపెట్టెను. లోకము సంతోషించినది. 1974లో మొలినా, రోలెండ్ అను శాస్త్రజ్ఞులు ఆ గ్యాసులు ఆకాశమున సూర్యుని అతినీలలోహిత కిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరను తినివేయునని చెప్పిరి. 1987లో మాంట్రియల్ నగరమున దేశములు ఒప్పందము చేసికొన్నవి. 1992లో భారతదేశము అందులో చేరినది. పిమ్మట వచ్చిన గ్యాసులు కొన్ని ఓజోనునకు హానిచేయకున్నను భూమిని వేడెక్కించును. ఫ్రిజ్జులలో వాడిన ఆర్-134ఏ అను గ్యాసు ఒక కిలో, 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానము. వీటిని తగ్గించుటకు 2016లో కిగాలీలో మరియొక ఒప్పందము జరిగినది. కావున పనికిరాని గ్యాసును గాలిలోనికి వదలక సిలిండరులోనికి తిరిగి పట్టుట నేటి మెకానిక్కు విధులలో నొకటి. ఇపుడు వచ్చుచున్న గ్యాసులలో ప్రొపేను వంటివి తేలికగా మండును. గ్యాసు పేరు చదువక మంట వెలిగించుట ప్రమాదము.

పెద్ద ఆసుపత్రులలో నీటితో చల్లబరచు గోపురములుండును. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటలునందు మాజీ సైనికుల సభకు వచ్చినవారిలో ముప్పదిమంది వరకు వింతజ్వరముతో మరణించిరి. మరుసటి యేడు దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనిరి. వెచ్చని నీటిలో పెరుగు ఆ సూక్ష్మజీవి చల్లబరచు గోపురముల తుంపరలతో గాలిలో కలియగలదు. అప్పటినుండి ఆ నీటిని శుద్ధిచేయుట ఈ వృత్తిలో ముఖ్యమైన పని అయినది.

ఈ పనిలో అపాయములు లేకపోలేదు. విద్యుత్తు కట్టివేసిన పిమ్మటకూడ కెపాసిటరు అను భాగములో విద్యుచ్ఛక్తి నిలిచియుండి చేతిని కొట్టును. ద్రవరూపమైన గ్యాసు చర్మముమీద పడినచో నిప్పు తగిలినట్లే పొక్కును. మండువేసవిలో మిద్దె అంచున నిలిచి పనిచేయవలెను. ఊరంతయు నీడకు చేరు వేళయందే ఇతనికి పని హెచ్చు.

పదవతరగతి పూర్తిచేసినవారు ఐటీఐలో రెండేండ్లు చదివి ఈ విద్యలో జాతీయ ధ్రువపత్రము పొందవచ్చును. పిమ్మట 1961 నాటి చట్టము క్రింద అప్రెంటిసుగా చేరి భృతి పొందుచు పని నేర్చుకొనవచ్చును. భౌతికశాస్త్రములోని పీడనము, గుప్తోష్ణము, విద్యుత్ప్రవాహము అను పాఠములు అచట ప్రతిదినము చేతికి వచ్చును. ఆసుపత్రిలో చేరిన క్రొత్తవానికి మొదట అప్పగించు పనులు పెద్దవి కావు. ఒకటి, జాలీలు కడుగుట. రెండవది, టీకాల పెట్టెలోని ఉష్ణోగ్రతను గమనించి పుస్తకములో నెక్కించువారికి సహాయము చేయుట. ఆదివారములందును, పండుగలందును, ఉదయమొకసారి, సాయంత్రమొకసారి ఆ అంకె వ్రాయబడవలెను.